ఛీ మేస్త్రి అతుకుల బండి

రైలు గేటు పడింది. పడిందంటే ఇప్పట్లో లేవదని ఆ దారిన పోయేవాళ్ళందరికీ తెలుసు. అయినా ప్రతి ఒక్కడూ హారను కొట్టాడు, ఆ మోత వింటే రైలు సిగ్గుపడి త్వరగా వెళ్ళిపోతుందన్నట్టు. ఆ వరసలో మూడో బండి సామాన్ల ఆటో. దాని తొట్టిలో ఒక ఇరుసు గోనెపట్టా కప్పుకుని అడ్డంగా పడుకుంది. మధ్యలో గుమ్మడికాయంత ఉబ్బు, ఒళ్ళంతా నల్ల జిడ్డు. ముందు, డ్రైవరు పక్కన ఒక మనిషి పట్టే చోట ఇద్దరు ఇరుక్కున్నారు. ఒళ్ళో ఎర్ర రెక్సిను చుట్ట పెట్టుకున్నావిడ సీట్లక్క. బళ్ళకు సీటు కవర్లు కుడుతుంది గనుక చుట్టుపక్కల నాలుగు వీధులకూ ఆవిడ పేరు అదే. ఆవిడ పక్కన సగం బయటికి వేలాడుతున్నది ఆవిడ మొగుడు, ఛీ మేస్త్రి.

ఆయనకా పేరు ఎందుకొచ్చిందో తెలియాలంటే గేటు దగ్గర ఐదు నిమిషాలు కూర్చుంటే చాలు.

"ఛీ. దాని పొగగొట్టం చూడు, జలుబు చేసిన ముక్కులాగా కారుతోంది," అన్నాడు ముందున్న కారును చూసి. దాని ముందున్న వ్యాను మీదికి చూపు జరిపాడు. "ఛీ. తలుపులు రేకుతో చేశారా, అప్పడంతో చేశారా?"

"మరి నా ఆటో సంగతేంటి మేస్త్రీ?" అన్నాడు డ్రైవరు.

"నీదానికి ఛీ కూడా దండగ."

సీట్లక్క రెక్సిను చుట్టను గట్టిగా పట్టుకుని రైలు పట్టాల కేసి చూస్తూ కూర్చుంది. మొగుడు ఒక్కడే లోకాన్నంతా తిడుతుంటే, ఆ లోకంలో తానూ ఒక భాగమేనన్న సంగతి పెళ్ళాం ఎన్నాళ్ళు మరచిపోగలదు? ఇరవై ఏడేళ్ళయింది. మరచిపోవడం ఇంకా అలవాటు కాలేదు.

"ఓ బావా! ఎవరింట్లోంచి ఎత్తుకొచ్చావు ఆ శవాన్ని?"

అడిగినవాడు పక్క వరసలో, నెత్తిన పెద్ద ఎర్ర అక్షరం మోస్తున్న పసుపుపచ్చ కారులో కూర్చున్నాడు. సీట్లక్కకు సొంత తమ్ముడు, డ్రైవింగు స్కూలు నడుపుతాడు. స్టీరింగు పట్టుకుని చెమటలు కక్కుతున్న లావుపాటి పెద్దమనిషి ఆ స్కూలు విద్యార్థి. గేటు దాకా వచ్చేలోపు బండి నాలుగుసార్లు ఆగిపోయిందని ఆయన ముఖమే చెబుతోంది.

"శవం కాదురా, ఇరుసు. నీ డబ్బాకున్నదాన్ని కూడా ఇరుసంటే ఇది పడీపడీ నవ్వుతుంది," అన్నాడు మేస్త్రి.

"అక్కా, ఈ పాపంలో నీకూ వాటా ఉందా?"

"నేను రెక్సిను కొనుక్కుని బస్సు కోసం నిలబడ్డానురా. దారే కదా ఎక్కమన్నాడు. ఎక్కాక గానీ వెనక ఏం తోడొస్తోందో చూడలేదు."

ఆటో డ్రైవరుకు కూడా నోరు దురదపెట్టింది. "పాతసామాన్ల కొట్టాయన ఇది ఏ బండిదో చెప్పబోయాడమ్మా. ‘దాని పుట్టుపూర్వోత్తరాలు నాకెందుకు, ఇనుము మంచిదా కాదా, ఎత్తు’ అన్నాడు మేస్త్రి."

"ఎత్తావు కదా, ఇంక నోరు మూసుకో," అన్నాడు మేస్త్రి.

తమ్ముడు కిటికీలోంచి మోచెయ్యి బయటపెట్టాడు. "బావా, నిజంగా చెబుతున్నా. షెడ్డులో నువ్వు కడుతున్న ఆ హాట్ రాడ్ బండి లేచి నిలబడేలోపు నా దగ్గర నేర్చుకున్నవాళ్ళ మనవలు వచ్చి నేర్చుకుంటారు. మా ఆఫీసులో కుర్చీ ఖాళీగా ఉంది. ఫారాలు నింపడం, ఫొటోలు అంటించడం. నీడపట్టున ఉంటావు."

"అంటించడానికి నేనేమన్నా గమ్ము సీసానా?"

లావుపాటి విద్యార్థి నవ్వబోయి, మేస్త్రి చూపు తగిలి, మళ్ళీ స్టీరింగుకు అతుక్కుపోయాడు. నవ్వనిది సీట్లక్క ఒక్కతే. రెండేళ్ళుగా షెడ్డులో పక్కవాడి బండి ఒక్కటీ బాగుపడలేదు. రెండేళ్ళుగా ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఆవిడ కుట్టు మిషను మీద. ఇప్పుడు మొగుడు ఇంత ఇనుము కొని, దాని ముందు సీట్లో తనను కూర్చోబెట్టుకుని ఊరేగిస్తున్నాడు.

"ఏమయ్యా," అంది, గొంతు పెంచకుండా. గొంతు పెంచనప్పుడే ఆవిడకు భయపడాలని ఇద్దరు మగవాళ్ళకూ తెలుసు. "ఈ నెల ఆఖరి ఆదివారం పొద్దున, నీ బండి షెడ్డులోంచి మన గుమ్మం దాకా తన ఇంజినుతో తాను రావాలి. నన్ను ఎక్కించుకుని రావాలి. వస్తే షెడ్డు నీదే, నేను పోయేదాకా మళ్ళీ దాని ఊసెత్తను. రాకపోతే షెడ్డు తాళంచెవి నా చేతిలో పెట్టి, సోమవారం నుంచి తమ్ముడి కుర్చీలో కూర్చోవాలి."

గేటు లేచింది. వెనకవాళ్ళు హారన్లతో గోల చేస్తున్నారు. ఆటో డ్రైవరు కదలలేదు. జవాబు వినకుండా పోతే అతనికి అన్నం అరగదు.

"సరే," అన్నాడు మేస్త్రి. "ఛీ" అనకుండా ఆయన ఒప్పుకున్న మాట బహుశా అదొక్కటే.

*

ప్రతి ఊళ్ళోనూ ఇలాంటివాడొకడుంటాడు. సముద్రం పక్క ఊరైతే పెరట్లో పడవ కడుతుంటాడు. తీరా పూర్తయ్యాక చూస్తే పడవ వెడల్పు, పెరటి గుమ్మం ఇరుకు. చదువుకున్నవాళ్ళ వీధైతే నిఘంటువు రాస్తుంటాడు. ముప్ఫై ఏళ్ళకి మూడో అక్షరం దాటడు, ఈలోగా మొదటి అక్షరం తప్పని తేలుతుంది. ఆ మనుషుల్ని చూసి జాలిపడే ఆచారం ఒకటి ఈమధ్య బయల్దేరింది. జాలి పడాల్సింది పడవ కట్టేవాడి మీద కాదు, ఆ పెరట్లో బట్టలు ఆరేసుకోడానికి చోటు లేనివాళ్ళ మీద.

ఛీ మేస్త్రి మొదట బస్సులకు ఒళ్ళు కట్టే కార్ఖానాలో చేరాడు. అక్కడ ఒకరోజు తనిఖీ కాగితం మీద, ‘లోపం ఎక్కడ ఉంది’ అన్న గడిలో, ‘కంపెనీలో’ అని రాశాడు. మర్నాటి నుంచి ఆయనకు అక్కడ పని లేదు. తరువాత పద్దెనిమిదేళ్ళు పాత బళ్ళు విప్పే యార్డులో గడిచాయి. గుద్దుకున్నవీ, తగలబడ్డవీ, ముసలై పడిపోయినవీ అన్నీ అక్కడికే వస్తాయి. బయటి నుంచి చూస్తే బండి వేరు, లోపలి నుంచి చూస్తే వేరు. ఎక్కడ బోల్టు మిగుల్చుకున్నారో, ఎక్కడ మందపు రేకు బదులు పల్చటిది వేసి పైన రంగు దట్టించారో, ఆ చేతులకన్నీ తెలుసు. ప్రతి యంత్రం కడుపులోనూ ఎవడో ఒకడు చేసిన మోసం దాగుందని ఆయన ఒక నిర్ణయానికి వచ్చేశాడు. అది పూర్తిగా తప్పూ కాదు. ఆ మాట నిజమయ్యే కొద్దీ ఆయనతో కాపురం కష్టమైంది, అంతే.

లారీలు తూచే కాటా వెనక సొంతంగా షెడ్డు వేసుకున్నాక కొన్నాళ్ళు పని బాగానే వచ్చింది. చెయ్యి మంచిది, అది శత్రువులు కూడా ఒప్పుకుంటారు. నోరే. బ్రేకులు బాగుచేయమని డాక్టరు వస్తే, "బ్రేకులు బానే ఉన్నాయి, బండే పొరపాటు," అన్నాడు. ఒక బడిపంతులు జన్మకొక్కసారి కొత్త కారు కొని, ముచ్చటపడి చూపించడానికి తెచ్చాడు. మేస్త్రి బానెట్టు ఎత్తి, ఏ మూల ఎన్నేళ్ళకి తుప్పు పడుతుందో అరగంట సేపు వేలుపెట్టి చూపించాడు. పంతులు వచ్చినప్పుడు నడుపుకుంటూ వచ్చాడు, పోయేటప్పుడు తద్దినం పెట్టినవాడిలా పోయాడు. ఇంకెవడొస్తాడు?

పెళ్ళయిన కొత్తలో సీట్లక్క కుట్టిన తొలి కవరును మేస్త్రి వెలుతురుకు పట్టుకుని చూశాడు. బొటనవేలితో కుట్టు పొడుగునా తడిమాడు. ఏమీ అనకుండా మడిచి ఇచ్చేశాడు. ఆ "ఏమీ అనకపోవడం" ఎంత పెద్ద బిరుదో ఆవిడకు కొన్నేళ్ళు పోయాక గానీ తెలియలేదు. ఆ తరువాత మరో బిరుదు రాలేదు.

బండికి బీజం ఒక బొమ్మ. తూకానికొచ్చిన పాత పత్రికల్లో ఒకదాని అట్ట మీద చూశాడు. పైకప్పు అణగ్గొట్టి, బానెట్టు రెక్కలు పీకేసి, ఇంజిను బోర విరుచుకుని బయటికి కనబడుతూ, ముందు చక్రాలు సన్నగా, వెనకవి లావుగా, నేలకు జానెడెత్తున, ఎలుక మీదికి దూకబోయే పిల్లిలా ఉన్న కారు. హాట్ రాడ్ అంటారట. పాత బళ్ళ ముక్కలు తెచ్చి ఎవడికి తోచినట్టు వాడు కట్టుకునేది. మేస్త్రి ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఛీ అనలేదు. దాన్ని ఏ కంపెనీ చేయలేదు మరి.

అప్పుడు పుట్టింది ఆయన సిద్ధాంతం. "ప్రతి కంపెనీ జన్మకొక్క వస్తువు మంచిది చేస్తుంది. అదీ పొరపాటున. ఆ పొరపాట్లన్నీ ఏరి ఒకచోట చేరిస్తే, అదీ బండంటే," అని కాటా గుమాస్తాకు చెప్పాడు. గుమాస్తా రోజంతా లారీలు తూచేవాడు, చెప్పింది వినడం తప్ప వేరే పని లేనివాడు, తలూపాడు. వినడానికి బాగుంది కూడా. వినడానికి బాగుండే మాటలు ఇదివరకు పెద్దపెద్ద రాజ్యాలనే ముంచాయి, షెడ్డెంత?

ఛాసీ పాలవ్యానుది, మందమైన ఉక్కని. ఇంజిను అంబులెన్సుది. రోగం వచ్చినవాళ్ళను మోసిందే గానీ తనకు రోగం రానిదట. బానెట్టు ముక్కు ఒక ముసలి లారీది. ఎడమ తలుపు టాక్సీది. కుడి తలుపు కూడా టాక్సీదే గానీ వేరే తరానిది, అందుకని ఒకటి ధడేల్మని పడేది, ఒకటి దగ్గేది. చమురు తొట్టి, కరెంటు పోయినప్పుడు పెళ్ళిమంటపానికి వెలుతురిచ్చిన జనరేటరుది. ముందు చక్రాలు ఏ చిన్న కారువో, వెనకవి ట్రాక్టరు ట్రాలీవి. ఇన్ని పుట్టింటివాళ్ళు ఉన్న కోడలు ఏ ఇంట్లో మనగలదో చెప్పండి. మేస్త్రి కోసి, అతికి, మళ్ళీ కోసి, వాళ్ళందరినీ ఒక కప్పు కింద కాపురం చేయించాడు. పక్క ఊళ్ళో నర్సుగా ఉన్న కూతురు ఫోను చేసినప్పుడల్లా, "నాన్న బండి ఇవాళ ఎలా ఉంది?" అని మంచం మీద మనిషిని అడిగినట్టే అడిగేది.

ఇరుసు ఒక్కటే కుదరక ఏడాది ఆగింది. గేటు దగ్గర మనం చూసినది ఐదోది. నాలుగు ఇరుసుల్ని ఛీకొట్టి పంపాక దొరికిన మహారాణి.

*

పందెం వేశాక సీట్లక్క షెడ్డుకు రావడం మొదలుపెట్టింది. సీట్లు కుట్టాలి కదా అని తనకు తాను చెప్పుకుంది. ఒక సీటు మంగలి కుర్చీ నుంచి వచ్చింది, ఇంకొకటి దూరాభారాలు తిరిగే బస్సు నుంచి. రెండింటినీ ఒకే ఎత్తుకు తెచ్చి, ఎర్ర రెక్సిను మీద రెండు వరసల కుట్టు వేసింది. మేస్త్రి ఆవిడ టేపునే అడిగి తీసుకుని ఇంజినుకూ ఇరుసుకూ మధ్య తిరిగే ప్రొపెల్లరు రాడ్డు పొడుగు కొలిచాడు. అంగుళంలో సగం దగ్గర గోటితో గీత పెట్టి, ఊపిరి బిగబట్టి కోశాడు. రెండు ముక్కలూ వెల్డింగు పెట్టి, రాళ్ళ మీద దొర్లించి, ఎక్కడా వంకర లేదని చూసుకుని, చెవి దగ్గర పెట్టి గోటితో కొట్టి విన్నాడు. ఆ పనిలో ఉన్నప్పుడు ఆయన నోట్లో మాట ఉండదు. ముఖం మీద ఆ వెక్కిరింపు కూడా ఉండదు.

సీట్లక్కకు తన మీద తనకే కోపం వచ్చింది. పందెం కాసింది తను. గెలిస్తే మొగుడు నీడపట్టున కూర్చుంటాడు, నెల తిరిగేసరికి నాలుగు రాళ్ళు ఇంటికొస్తాయి. మరి ఈ బండి కదిలితే బాగుండునని ఎందుకనిపిస్తోంది? ఓడిపోవాలని కోరుకుంటూ పందెం కాసే వెర్రిబాగులది ఈ భూమ్మీద తనొక్కతే అయ్యుంటుందనుకుంది.

గురువారం మధ్యాహ్నం వెనక ఇరుసు కింద రాళ్ళు పెట్టి, చక్రాలు గాలిలోకి లేపి, ఇంజిను తిప్పారు. అంబులెన్సు గుండె మొదటి తాపుకే అందుకుంది. కప్పు మీది పావురాలు లేచిపోయాయి. మేస్త్రి క్లచ్చి తొక్కి మొదటి గేరు వేశాడు. లావుపాటి చక్రాలు రెండూ గాలిలో గిర్రున తిరిగాయి. ఆయన కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకి వంచి, చప్పుడు వింటున్నాడు.

సీట్లక్క వినలేదు, చూసింది. రోజుకు పదిగంటలు తిరిగే చక్రం ముందు కూర్చునే మనిషి. చక్రం ఎటు తిరగాలో అటు తిరగకపోతే దారం చిక్కుపడుతుందని ఒళ్ళంతటికీ తెలిసిన మనిషి.

"ఏమయ్యా, చక్రం ఇటు తిరుగుతోందేంటి? పైభాగం ముందుకి పోవాలి కదా, వెనక్కి వస్తోంది."

"ఛీ," అన్నాడు మేస్త్రి కళ్ళు తెరవకుండా. "ఇది మిషను కాదు, పాదాలతో తొక్కుకోడానికి. నీకు తెలిసింది రెక్సిను. పోయి కుట్టుకో."

ఆవిడ పోయి కుట్టుకుంది. ఆయన అయిదు నిమిషాల పాటు ఆ చప్పుడు విని, ఇంజిను ఆపి, "నిమ్మళంగా ఉంది," అన్నాడు. నిమ్మళంగానే ఉంది మరి. తప్పుదారిన పోయేవాళ్ళలో ఎక్కువమంది నిమ్మళంగానే పోతారు.

ఆదివారం పొద్దున ఎనిమిదికి షెడ్డు ముందు జనం చేరారు. పిలిచినవాళ్ళు నలుగురు, పిలవకుండా వచ్చినవాళ్ళు నలభై. గుమాస్తా కాటా వదిలేసి వచ్చాడు. తమ్ముడు పసుపుపచ్చ కారును రోడ్డు పక్కన నిలిపి, దాని బానెట్టు మీద కూర్చున్నాడు. సీట్లక్క ఉతికిన చీర కట్టుకుని ఎర్ర సీట్లో కూర్చుంది. దగ్గే తలుపు దగ్గి మూసుకుంది. ఎదురుగా తెరిచిన షెడ్డు తలుపు, దాని అవతల రోడ్డు.

మేస్త్రి మొదటి గేరు వేసి క్లచ్చి వదిలాడు.

బండి దూకింది. వెనక్కి. షెడ్డు గోడకు ఆనించిన పాత తలుపుల గుట్ట మీదికి పోయి కూర్చుంది. ఆ చప్పుడు సద్దుమణగడానికి చాలాసేపు పట్టింది, ఎందుకంటే తలుపులు ఒకదాని తరువాత ఒకటి, తీరిగ్గా పడ్డాయి.

"మేస్త్రీ, రివర్సులో ఉంది," అన్నాడు గుమాస్తా.

"నాకు తెలుసు." రెండో గేరు వేశాడు. తలుపులు ఇంకో నాలుగు పడ్డాయి. అప్పుడు రివర్సు వేశాడు. బండి ముందుకి కదిలింది, పెళ్ళినడకలాగా, అడుగులో అడుగు వేసుకుంటూ, ఇంజిను గొంతు చించుకుంటూ.

తమ్ముడికి విషయం అర్థమైంది. బానెట్టు మీంచి జారి నేల మీద కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వు తేరుకున్నాక లేచి బండి దగ్గరికి వచ్చాడు. వెక్కిరించడానికి రాలేదు.

"బావా, అది వెనక ఇంజినున్న బస్సు ఇరుసు అయ్యుంటుంది. ఆ బస్సుల్లో ఇంజిను ఇరుసుకి వెనక ఉంటుంది కదా. నువ్వు దాన్ని ఇటు తిప్పి, ముందున్న ఇంజినుకి కలిపావు. అందుకని అన్నీ తారుమారు. నాలుగు గేర్లు వెనక్కి, ఒక్కటి ముందుకి. ఏముంది, ఇరుసు బోర్లా తిప్పి బిగిస్తే సరిపోతుంది. రెండ్రోజుల పని."

"తీసుకో," అంది సీట్లక్క వెంటనే. "ఇంకో వారం తీసుకో. నేనేమీ అనను."

నలభై నాలుగు మంది ఆయన ముఖంలోకి చూస్తున్నారు. ఇక్కడ ఒక మామూలు మనిషైతే ఏం చేస్తాడు? తల గోక్కుంటాడు, "తప్పయిందిరా," అంటాడు, నలుగురూ నవ్వుతారు, తనూ నవ్వుతాడు, టీ తాగుతారు. కింద పడ్డా మీసాలకు మట్టి అంటలేదనేవాడు మాత్రం ఏం చేస్తాడో అందరికీ తెలుసు.

"బాగుచేయడానికి పాడైందెక్కడ?" అన్నాడు మేస్త్రి. "ఇలాగే కట్టాను."

"ఎలాగ?" అన్నాడు తమ్ముడు.

"వెనక్కి పోడానికి ఏ కంపెనీ అయినా నాలుగు గేర్లు ఇచ్చిందిరా ఇంతవరకు? ఛీ. ఒక్కటి ఇచ్చి చేతులు దులుపుకుంటారు. సందుల్లో ఇరుక్కుని చచ్చేది జనం. ఇది తలచుకుంటే ఇక్కణ్ణించి వెనక్కి ఎంత దూరమైనా పోతుంది."

అబద్ధం ఆడటం ఆయనకు అలవాటు లేదు. అందుకని ఆడినదాన్ని పట్టుకుని వేలాడాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నాక నాలుగో కాలు ఎదురుగా వచ్చి తన్నినా ఒప్పుకోకూడదు. సీట్లక్కకు అర్థమైంది: ఇక ఈ బండిని ఆయన బాగుచేయడు. బాగుచేస్తే తప్పు చేశానని చెప్పినట్టే. ఈ మహానుభావుడు రెండేళ్ళు కష్టపడి కట్టుకున్న బండిని ఒక్క మాటతో శాశ్వతంగా పాడుచేసుకున్నాడు.

"అయితే పద," అంది ఆవిడ. "గుమ్మం దాకా."

రివర్సు గేరులో పాకించి రోడ్డు ఎక్కించాడు. తోక ఇంటివైపు వచ్చేలా తిప్పుకున్నాడు. మెడ వెనక్కి మెలిపెట్టి, మొదటి గేరు వేశాడు, రెండోది వేశాడు. చెప్పుకోవాల్సింది చెప్పుకోవాలి, బండి పోయింది. అంబులెన్సు ఇంజిను పాడింది, పాలవ్యాను ఛాసీ వణకలేదు, ట్రాలీ చక్రాలు గుంతల్ని గుంతలని లెక్కచేయలేదు. సీట్లక్క కళ్ళ ముందు వీధి తనకు దూరంగా పారిపోతోంది. షెడ్డు చిన్నదైపోయింది. గుమాస్తా పరిగెడుతూ చిన్నవాడైపోయాడు. పసుపుపచ్చ కారు మాత్రం ముక్కుకు ముక్కు ఆనించినట్టు ఎదురుగా వెంటాడుతోంది, అందులో తమ్ముడు. మొదట నవ్వుతూ, తరువాత చెయ్యి ఊపుతూ, మూడో గేరు పడ్డాక రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, నోరు తెరుచుకుని. సందు మలుపులో కూరగాయల బండివాడు తన బండిని గోడకు అంటించుకుని, "అటు కాదయ్యా, ఇటు!" అని అరిచాడు. ఎటో అతనికీ తెలియదు.

ముప్పావు కిలోమీటరు. ఒక్క గీత పడలేదు. వెనక చక్రం సరిగ్గా గుమ్మం మెట్టు ముందు ఆగింది. లోకంలో ఇంకెవడూ ఆ బండిని అలా తేలేడు, అది సీట్లక్క కూడా ఒప్పుకుంది. ఒప్పుకుంది గనుకనే ఒళ్ళు మండింది. ఇంత చేతనైన చేతులకు ఆ నోరెందుకు తగిలించారో!

జనం వచ్చి మూగారు. వచ్చినట్టా, రానట్టా అని వాదన మొదలైంది. వెనక్కి రావడం రావడమెలా అవుతుందని ఒకడు. గుమ్మం దాకా అన్నారు గానీ ముఖం ముందో వీపు ముందో చెప్పలేదు కదా అని గుమాస్తా. సీట్లక్క తలుపు తీసుకుని దిగింది.

"వచ్చింది," అంది. వాదన ఆగిపోయింది. "నన్ను ఎక్కించుకుని, తన ఇంజినుతో, గుమ్మం దాకా వచ్చింది. పందెం ఆయనే గెలిచాడు. షెడ్డు ఆయనది."

తమ్ముడు చప్పట్లు కొట్టాడు. మేస్త్రి ఇంకా స్టీరింగు పట్టుకునే ఉన్నాడు, మెడ పట్టేసి తల ఇటు తిరగడం లేదు. ఆవిడ ఆయన వైపుకి వెళ్ళి, తలుపు మీద చెయ్యి ఆనించింది.

"బస్సు ఇరుసు నీకెలా తెలుస్తుంది, ఎవరికైనా జరుగుతుంది. జనం ముందు నువ్వేం చెప్పుకుంటావో నీ ఇష్టం, నేనేమీ అననులే. నాకొక్కటి చెప్పు చాలు. గురువారం చక్రం వెనక్కి తిరుగుతోందని నేను చెప్పానా, లేదా?"

ఎవరికీ ఆ గురువారం సంగతి తెలియదు. వినబడనంత మెల్లగానే అడిగింది. ‘చెప్పావు’ అంటే చాలు, మూడే అక్షరాలు. అది కూడా పెళ్ళానికి, ఒంటరిగా, చెవిలో చెప్పినా సరిపోతుంది. లేదని అబద్ధమాడినా బహుశా ఆవిడ ఊరుకునేది. ఆడలేదు. ఆవిడతో అబద్ధమాడటం ఆయనకు చేతకాదు, నిజం చెప్పడం అంతకన్నా చేతకాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో తన చేత్తో తాను కట్టుకున్న బండి.

మేస్త్రి ఇంజిను ఆపాడు. దిగాడు. జేబులో చెయ్యి పెట్టి, గుడ్డముక్క తీసి వేళ్ళు ఒక్కొక్కటీ తుడుచుకున్నాడు. మళ్ళీ జేబులో చెయ్యి పెట్టి, షెడ్డు తాళంచెవి తీశాడు. గెలుచుకున్న షెడ్డు తాళంచెవి. దాన్ని ఆవిడ అరచేతిలో పెట్టి, ఆవిడ వేళ్ళు తనే మూశాడు.

"ఇదేంటయ్యా?" అంది ఆవిడ. "గెలిచావు కదా!"

ఆయన అప్పటికే జనంలోంచి దారి చేసుకుని పోతున్నాడు. చొక్కా వీపు మీద ఎర్ర రెక్సిను రంగు చెమటకు అంటింది. ఇంట్లోకి పోలేదు, షెడ్డు దారి పట్టలేదు. సందు చివర ఎడమచేతి వైపు తిరిగాడు.

"బావా!" అని తమ్ముడు వెనక నుంచి కేకేశాడు. "ఇవాళ ఆదివారం! స్కూలుకి సెలవు, తాళం వేసుంది!"

వినబడే ఉంటుంది. సందు అంత పొడుగేమీ కాదు. నడక మాత్రం ఆగలేదు.